లంపీ స్టీవెన్స్ పేరిట వికెట్లు అంత తక్కువెందుకు?

పాతబంతి:
ఇంగ్లండ్‌లో 18వ శతాబ్దపు పేరున్న క్రికెట్ క్లబ్ హాంబుల్డన్ కాలం నాటి స్కోరుకార్డులు చూస్తున్నాను. ఎడ్వర్డ్ 'లంపీ' స్టీవెన్స్ అప్పట్లో మేటి బౌలర్ అంటారు. కార్డులో చూస్తే ఒకటో రెండో వికెట్లు, కొన్నిట్లో అవీ లేవు. సగటు కట్టే దారి ఉందా? సర్రీ కౌంటీ మనిషి 1775లో పక్క కౌంటీ కెంట్ వైపు ఎందుకు ఆడాడు?

స్కోరుపుస్తకం:
సగటు ఆశ వదిలేయండి. బౌలర్ ఇచ్చిన పరుగులు అప్పట్లో ఎవరూ రాయలేదు. క్యాచ్ అయితే పట్టినవాడి పేరే పడేది, బౌలర్‌కి దక్కేది బౌల్డ్ ఒక్కటే. ఎవరు ఎలా ఔటయ్యారో అసలు లేని కార్డులూ బోలెడు. వాటిని సున్నా కింద వేయకుండా పక్కన పెట్టండి. పైగా పూర్తి కార్డులు వరసగా దొరికేది 1772 నుంచి. లంపీ పుట్టింది 1735లో, అంటే మంచి వయసంతా లెక్కలో లేనట్టే.

ఇక కెంట్ సంగతి. లంపీ వాల్టన్-ఆన్-థేమ్స్‌లో టాంకర్‌విల్ ప్రభువు దగ్గర తోటమాలి. పెద్ద పందేలు కాసే మ్యాచ్‌లలో జట్లు సరితూగాలని బయటి ఆటగాణ్ణి ఇచ్చేవారు, 'గివెన్ మ్యాన్' అని. కాబట్టి ఒక్క సర్రీలో వెతికితే సగం పోతాయి. చెర్ట్సీ, కెంట్, ఇంగ్లండ్ జట్లూ చూడండి.

మూడోస్టంపు:
ఆ 1775 మ్యాచ్ గురించి ఇంకాస్త. మే 22, లండన్ ఆర్టిలరీ గ్రౌండ్, కెంట్, హాంబుల్డన్ తరఫున ఐదుగురేసి సింగిల్ వికెట్ ఆట, అంటే ఒకసారికి ఒక్క బ్యాటరే ఆడేది. హాంబుల్డన్ చివరి ఆటగాడు జాన్ స్మాల్ 14 పరుగులు చేయాలి. లంపీ బంతి మూడుసార్లు స్టంపుల మధ్య నుంచి దూరిపోయింది, బెయిల్ కదల్లేదు. అప్పటి వికెట్ 22 అంగుళాల ఎత్తు, 6 అంగుళాల వెడల్పు, రెండే స్టంపులు; బంతి అడ్డంగా 3 అంగుళాల లోపే. స్మాల్ పరుగులు కొట్టేసి గెలిపించాడు. మూడో స్టంపు ఆలోచనకు ఊపు వచ్చింది ఇక్కడే, కానీ వెంటనే అంతటా పాతలేదు. 1776 తర్వాతి మ్యాచ్‌లన్నిటికీ మూడు స్టంపులే అనుకోకండి.

స్కోరుపుస్తకం:
పిచ్ కూడా చూడాలి. 1774 నియమాల ప్రకారం బయటి నుంచి వచ్చిన జట్టుదే ఎంపిక, ఆతిథ్య జట్టు చూపిన చోటికి 30 గజాల లోపు. లంపీ పల్లానికి వాలే మిట్ట వెతుక్కునేవాడు. అండర్‌ఆర్మ్ బంతి (చేయి కిందినుంచి విసిరేది, అప్పట్లో అంతా అలాగే) అక్కడ పడితే లేవదు, బ్యాట్ కిందుగా దూసుకెళ్తుంది.

పాతబంతి:
మరి హాంబుల్డన్ బౌలర్ డేవిడ్ హారిస్‌తో పోల్చవచ్చా?

మూడోస్టంపు:
జాగ్రత్త. హారిస్ ఎంచుకునేది ఎదురెక్కే నేల. బంతి ఎగిరి బ్యాట్ పైభాగానికి తగిలేది, క్యాచ్‌లు లేచేవి. ఆ క్యాచ్‌లేవీ ఆయన ఖాతాలో లేవు. ఇద్దరివీ బౌల్డ్‌లు మాత్రమే లెక్కేస్తే నష్టపోయేది హారిసే, లంపీ కాదు.