సమస్య: పందిఁ జూచి యూరు ప్రణతులిడెను (పిల్లల నవలల వారం)

సంచాలకుడు: ఈ పాదం ఎందుకిచ్చావని అడక్కండి, నవ్వొచ్చింది, ఇచ్చాను. ఇచ్చిన పాదం చివర వచ్చేలా పద్యం పూరించాలి. పూరణకు ఆధారం పిల్లల నవలే కావాలి. పదేళ్ళ పిల్లలు చదివేది, పిల్లలు పడుకున్నాక పెద్దవాళ్ళు తీసి చదువుకునేది. పురాణాలు చెల్లవు. ఈ చివరి మాట ఎవరికోసమో వారికి తెలుసు.

పందిఁ జూచి యూరు ప్రణతులిడెను

శార్దూలం మాస్టారు:

కడలి యడుగునున్న కలికి భూదేవిని
కోర మీఁద నెత్తి కూర్మి నిలుప
హరియె గాన దాని నవమతింపఁగ లేక
పందిఁ జూచి యూరు ప్రణతులిడెను

భాగవతం పిల్లలకు చెప్పకూడదని ఏ శాస్త్రంలోనూ లేదు. నేను హైస్కూల్లో ఉండగా పోతన్ని కంఠస్థం చేశాను.

సంచాలకుడు: హరి–నవమతింపఁగ యతి ముచ్చటగా ఉంది మాస్టారూ. పోటీకి మాత్రం చెల్లదు.

గుంటూరు ఘాటు: వద్దన్న పనే ముందు చేయడం మాస్టారికి కొత్తా? నాది చూడండి.

మేజరయ్య పుర్రె మెరయఁగా మొద్దుపై
జెండ క్రింద నిలిచి చిత్తమలర
ఆదివారమందు నావులే ప్రజలైన
పందిఁ జూచి యూరు ప్రణతులిడెను

ఆర్వెల్ 'యానిమల్ ఫామ్', 1945. మేజర్ అనే ముసలి పంది చచ్చాక దాని పుర్రెను తవ్వి తీసి, జెండా కర్ర మొదట్లో మొద్దు మీద పెడతారు. పశువులన్నీ దాని ముందునుంచి భక్తిగా వరసకట్టి నడవాలి. ఊరంతా పందికి మొక్కడమంటే ఇదీ.

శార్దూలం మాస్టారు: 'జెండా' దీర్ఘం ఏమైంది నాయనా? గణం కోసం తోక కోసేశావా? పైగా పుర్రెను చూస్తే పందిని చూసినట్టా? అసలది పిల్లల నవలేనా?

గుంటూరు ఘాటు: పేరు కిందనే 'ఫెయిరీ స్టోరీ' అని రాసుకున్నాడు మహానుభావుడు. మా వాడు ఏడో క్లాసులో చదివాడు, బాక్సర్ గుర్రాన్ని బండెక్కించినప్పుడు ఏడ్చాడు. ఇంకేం కావాలి? దీర్ఘం సంగతంటారా, మీ వరాహం నవల కాకపోవడం కన్నా చిన్న తప్పే.

కందగడ్డ: నమస్కారం పెద్దలకు. నాది సూటిగానే ఉంటుంది. ఇ.బి. వైట్ 1952లో రాసిన 'చార్లెట్స్ వెబ్'. చంపబోతున్న పందిపిల్ల విల్బర్‌ను కాపాడటానికి చార్లెట్ అనే సాలెపురుగు తన గూట్లో మాటలు నేస్తుంది.

సాలెపురుగు రాత్రి చక్కఁగా నేసిన
యక్షరములు చూచి యచ్చెరువున
నేతగత్తె పేరు నెవ్వరు నడుగక
పందిఁ జూచి యూరు ప్రణతులిడెను

తేటగీతి పిన్ని: మూడో పాదానికి నా దండం బాబూ! ఈ సమస్యకు ప్రాణం అక్కడుంది. అందరూ పందికి ఎందుకు మొక్కారో చెప్పడానికి తంటాలు పడుతున్నారు. నువ్వేమో మొక్కాల్సింది ఎవరికి అని అడిగావు. నవల్లో పంది యజమాని జుకర్మన్ గారి భార్య ఒక్కతే అంటుంది, మామూలుది కానిది పంది కాదు, సాలెపురుగు అని. ఆయన ఒప్పుకోడు. పందే గొప్పదని గూట్లో రాసుంది కదా అంటాడు! పద్యం చదివి కవిని వదిలేసి, పద్యంలో ఉన్న జమీందారుకు జైకొట్టే సభలు మనకు మాత్రం తెలియవా?

శార్దూలం మాస్టారు: భావం బాగుంది. కానీ రెండో పాదంలో 'చూచి', నాలుగో పాదంలో మళ్ళీ 'జూచి'. నాలుగు పాదాల బుల్లి పద్యంలో పునరుక్తి కంట్లో నలుసే. 'యక్షరములు చదివి' అనండి. సూర్యగణం చెడదు, అర్థం కూడా పెరుగుతుంది. అక్షరాలు చూసినవాడు వేరు, చదివినవాడు వేరు.

కందగడ్డ: మాస్టారూ, ఇది బంగారం. 'చదివి' అనే ఉంచుతాను.

గుంటూరు ఘాటు: మాస్టారు పిల్లాడి పద్యం దిద్దితే బంగారం. పోయిన వారం నేను ఆయన పద్యం దిద్దితే మూడు రోజులు మాటల్లేవు. 'తన దినమునకుఁ దానె తా తరలి వచ్చె' సమస్యకు టామ్ సాయర్ కథ పెట్టారు. అంతవరకూ భేషు. టామ్, జో, హక్ చర్చి మేడ మీద నక్కి తమ సంతాపసభ తామే వింటారుగా, ఆ ఘట్టం. పాదమేమో ఇది:

టాము జో హక్కు చర్చిలో దాగి యుండి

టాకీ దాకీ యతి ఏమిటి స్వామీ? 'డాఁగి' అంటే సరిపోయేది. అది చెబితే, ఇంగ్లీషు పేర్లకు యతి నియమం సడలుతుందన్నారు. ఏ లాక్షణికుడు చెప్పాడో?

శార్దూలం మాస్టారు: 1876 నాటి నవల్లోని అమెరికా కుర్రాడు 'డాఁగి' కూర్చుంటే పిల్లలు నవ్వుతారు. నండూరి రామమోహనరావు గారి తెనుగులో టామ్‌ను చదువుకున్నవాణ్ణి నేను. ఎంత తేలిక మాట ఆయనది! ఆ తేలికదనం నిలబెట్టాలనుకున్నాను.

గుంటూరు ఘాటు: వరాహానికి 'అవమతింపఁగ లేక' అన్నప్పుడు ఈ తేలికదనం ఎటు పోయిందో.

సంచాలకుడు: టామ్ దినం అయిపోయింది. పందిలోకి రండి.

డాలస్ బావ: మా అమ్మాయికి క్లాసులో టీచరు 'చార్లెట్స్ వెబ్' రోజుకో అధ్యాయం చదివి వినిపించింది. అది ఇంటికొచ్చి ఏడుస్తుంటే ఏమిటా అని నేను పుస్తకం తీశాను, నాదీ అదే పరిస్థితి. ఆ వైట్ గారు మెయిన్ రాష్ట్రంలో వ్యవసాయం చేసేవారు. ఆయన పెంచిన పందికి జబ్బుచేసి, ఎంత చేసినా బతకలేదు. దాని గురించి 1948లో వ్యాసం రాశారు. నాలుగేళ్ళకు వచ్చిన నవల్లో పంది బతికింది. పెద్దవాళ్ళకు ఈ నవల వేరేగా తగలడానికి కారణం ఇదేనేమో. పద్యం రాయడం నాకు రాదు, పక్కన కూర్చుంటా.

గుంటూరు ఘాటు: బావగారూ, బాగా చెప్పారు. నా అభ్యంతరం ఇంకొకటి. చార్లెట్ నవల్లో జనం బండ్లేసుకుని చూడటానికొచ్చారు, నిజమే. మొక్కిందెవరు? 'ప్రణతులిడెను' ఎక్కడుంది? నా ఆర్వెల్‌లో భక్తి ఉంది, పటాలం నడక కూడా ఉంది.

తేటగీతి పిన్ని: పుస్తకం మళ్ళీ తీయండి. మొదటి మాట కనబడిన పొద్దున, కుడితి పట్టుకొచ్చిన పాలేరు లర్వీ గూడు చూసి మోకాళ్ళ మీద పడి ప్రార్థన చేస్తాడు. ఆ ఆదివారం చర్చిలో పాదిరిగారు కూడా ఈ వింత గురించే మాట్లాడతారు. ఊరు మొక్కడానికి ఇంతకన్నా ఏం చేయాలి? ఇదిగో నాది. చివరికొచ్చేసరికి ఎందుకో మనసు చెడింది.

అట్టముక్కలందు నక్షరమ్ములు దెచ్చి
యెలుక యొసఁగ, లూత యింపు నేసి
సంతలోన నొంటి చచ్చిపోయిననేమి,
పందిఁ జూచి యూరు ప్రణతులిడెను

కందగడ్డ: పిన్నిగారూ, నా పద్యం వెనక్కి తీసుకోవాలనిపిస్తోంది. 'పోయిననేమి' దగ్గర ఆగిపోయాను. విల్బర్‌కు పతకం వచ్చిన సంతలోనే చార్లెట్ పోవడం, పక్కన ఎవరూ లేకపోవడం, అంతా ఒక్క పాదంలో వచ్చేసింది.

గుంటూరు ఘాటు: బాగుంది. కానీ చార్లెట్ నేసిన నాలుగు మాటల్లో ఎలుక టెంపుల్టన్ తెచ్చినవి రెండే. మొదటిది చార్లెట్ సొంతం. రెండోది పెద్దబాతు చెప్పింది. సబ్బుపొడి పెట్టె మీద మాటా, సంతలో కాగితం ముక్క మీద మాటా మాత్రమే టెంపుల్టన్‌వి. అది కూడా తిండి ఆశతో.

తేటగీతి పిన్ని: బాతును కూడా పద్యంలో ఎక్కించమంటారా? ఆటవెలదికి నాలుగే పాదాలు తమ్ముడూ, బస్సు కాదు.

శార్దూలం మాస్టారు: అమ్మా, 'లూత' అన్నారు చూడండి, అక్కడ నాకు వేరే దారి కనిపించింది. 'ఏ వేదంబు పఠించె లూత' అన్నాడు ధూర్జటి. శ్రీకాళహస్తిలో ఆ 'శ్రీ' ఈ సాలెపురుగే కదా. అక్కడ శివుడికి గూడు అల్లింది, మోక్షం పొందింది. ఇక్కడ పందికి అల్లింది. సంచాలకులు పురాణం వద్దన్నారు గానీ నవలతో కలిపితే తప్పులేదనుకుంటాను.

లూత కాళహస్తిలోన నేసెను గూడు
శివుఁడు దాని నెఱిఁగి చేరఁదీసె
అదియె యమెరికాన నల్లిన నేమాయె?
పందిఁ జూచి యూరు ప్రణతులిడెను

తేటగీతి పిన్ని: మాస్టారూ! ఇన్నాళ్ళూ ఈ పద్యం ఎక్కడ దాచారు? 'శివుఁడు దాని నెఱిఁగి' ఒక్కటి చాలు. దేవుడికి తెలిసింది ఊరికి తెలియలేదు.

గుంటూరు ఘాటు: పద్యం గొప్పదే, ఒప్పుకుంటున్నా. రాసి పెట్టుకోండి, మళ్ళీ అనను.

కందగడ్డ: మాస్టారూ, చిన్న మనవి. 'చేరఁదీసె' తర్వాత 'అదియె' సంధి కలపకుండా, విసంధిగా ఉంది. 'చేరఁదీసె / నదియె' అంటే యతికీ ఇబ్బంది లేదు. మీరు నేర్పిందే.

శార్దూలం మాస్టారు: పాదాంతంలో విసంధిని పెద్దలు క్షమిస్తారు.

గుంటూరు ఘాటు: ఇందాక నా రెండో పాదం చివర 'మలర / ఆది' కనబడలేదు కాబట్టి సరిపోయింది. కనబడి ఉంటే క్షమించేవారా?

సంచాలకుడు: ఈ వారం మొదటి స్థానం పిన్నిగారిది. మాస్టారి రెండో పూరణకు ప్రత్యేక ప్రశంస. పురాణం సగమే ఉంది కనుక సగం నియమభంగం. వచ్చే వారానికి పాదం:

కదలనట్టి రైలు గమ్యమందె

కందగడ్డ: జపాను పుస్తకం 'తొత్తోచాన్'లోని తొమోయె బడి! రైలు పెట్టెల్లో తరగతులు! అందరూ అదే రాస్తారు, పోటీ ఏముంటుంది?

గుంటూరు ఘాటు: తొమోయె బడి 1945లో బాంబుదాడిలో కాలిపోయింది. గమ్యం ఎక్కడ అందింది?

తేటగీతి పిన్ని: అది కాలుతుంటే చూస్తూ ఆ బడి హెడ్మాస్టరు కొబయాషి, ఈసారి ఎలాంటి బడి కడదాం అని కొడుకుని అడిగాడు. అందిందో లేదో పద్యంలో తేల్చుకోండి.

శార్దూలం మాస్టారు: నాది సిద్ధంగా ఉంది. ఆదివారం దాకా ఆగాలా?