సమస్యాపూరణం: “ఉదయమునకు ముందె యుదయమాయె”

యతిమైత్రి (నిర్వహణ):
ఈసారి రాజులు, విరహాలు, పురాణాలు వద్దండీ. సమస్య ఆటవెలది చివరి పాదం:

*ఉదయమునకు ముందె యుదయమాయె*

పొద్దు పొడవకముందే పొద్దు పొడిచిందట. చదవగానే అసంబద్ధంగా ఉంది కదా, ఆ అసంబద్ధత పోయేలా మిగతా మూడు పాదాలు మీరు రాయాలి. షరతు ఒక్కటే: చెప్పే కారణం సైన్సుకు నిలబడాలి. ‘దైవలీల’ అని తప్పించుకుంటే మార్కులుండవు. పద్యం మధ్యలో అచ్చు రాకూడదనుకునే వాళ్ళు ‘యుదయమునకు’ అని మొదలుపెట్టుకోవచ్చు. కింద కారణం కూడా రాయండి.

వేగుచుక్క:
అందరికంటే ముందు నాదే!

*ఎనిమిది నిమిషముల నినకాంతి దరిఁ జేరు*
*కనుక మనము చూచు కమలహితుఁడు*
*పాతవాఁడె! నిజము పలుకంగ మన కంటి*
*యుదయమునకు ముందె యుదయమాయె*

సూర్యుడి వెలుగు మనదాకా రావడానికి 8 నిమిషాల 20 సెకన్లు పడుతుంది. అంటే మనకు కనిపించేది ఎనిమిది నిమిషాల కిందటి సూర్యుడు. అసలు సూర్యుడు అప్పటికే లేచేసి ఉంటాడు.

గురుత్వం:
ధార చాలా బాగుంది, ‘పాతవాఁడె!’ దగ్గర ఆగడం ఇంకా బాగుంది. కారణం మాత్రం తేలిపోయిందండీ. ఉదయం అనేది సూర్యుడు చేసే పని కాదు, భూమి తన చుట్టూ తాను తిరగడం వల్ల మనం వెలుగులోకి వెళ్ళడం. ఆ వెలుగు మనకోసం కొత్తగా బయల్దేరి రావక్కర్లేదు, అంతరిక్షమంతా ఎప్పుడూ పరుచుకునే ఉంటుంది. వాన ఎప్పటినుంచో పడుతూనే ఉంది, కప్పు కిందనుంచి మనం బయటికి అడుగుపెట్టగానే తడుస్తాం, మేఘం నుంచి చినుకు దిగడానికి పట్టిన టైముతో మన తడవడానికి సంబంధం లేదు, అంతే.

వేగుచుక్క:
అయితే ఆ ఎనిమిది నిమిషాల తేడా ఎక్కడికి పోయినట్టు?

గురుత్వం:
ఎక్కడికీ పోలేదు. సూర్యుడి మీద ఒక మంట ఎగిసిందనుకోండి, అది మనకు ఎనిమిది నిమిషాలు ఆలస్యంగానే కనిపిస్తుంది. అక్కడ మీ మాట నూటికి నూరుపాళ్ళు నిజం. ఉదయం విషయంలో లెక్కకు వచ్చేది సూర్యుడు ఏ దిక్కున ఉన్నాడన్నదే. ఆ ఎనిమిది నిమిషాల్లో భూమి తన కక్ష్యలో జరగడం వల్ల ఆ దిక్కు మారేది డిగ్రీలో దాదాపు 180వ వంతు. భూమి తన చుట్టూ తిరిగే వేగానికి అది ఒకటిన్నర సెకను కూడా కాదు.

యతిమైత్రి:
ఛందస్సుకు పూర్తి మార్కులు. ‘ఎనిమిది నిమిషముల నినకాంతి’లో ఎ–ఇ స్వరయతి (అచ్చుకు అచ్చు పొంతన) చక్కగా పడింది. సైన్సుకు సగమే.

కొత్తపద్యం:
నేను ఈమధ్యే గణాలు నేర్చుకుంటున్నాను, తిట్టకండి.

*ఎత్తైన కొండపై నినునిఁ జూచినవాఁడు*
*లోయలోనివాని లోకువఁ గనె*
*వీని కుదయ మపుడె! వేచినవాని యా*
*యుదయమునకు ముందె యుదయమాయె*

యతిమైత్రి:
తిట్టడమెందుకు, రెండో పాదానికి నవ్వొచ్చింది. కొండమీద ఉన్నవాడు కిందివాణ్ణి లోకువగా చూడటం అక్షరాలా నిజమే కదా! మొదటి పాదం మాత్రం తప్పింది. అక్కడ సూర్యగణం రావాలి, అంటే గలమో (గురువు, లఘువు) నగణమో (మూడు లఘువులు). ‘ఎత్తైన’ తగణం (రెండు గురువులు, ఒక లఘువు). ‘ఎత్తు కొండ మీఁద నినునిఁ జూచినవాఁడు’ అనండి, గణాలూ సరిపోతాయి, ఎ–ఇ యతీ నిలుస్తుంది.

గురుత్వం:
సైన్సు గట్టిగానే ఉంది. చుట్టూ అడ్డేమీ లేకపోతే, కిలోమీటరు ఎత్తునుంచి చూసేవాడికి దిగంతం సుమారు ఒక డిగ్రీ కిందికి దిగుతుంది. భూమి ఒక డిగ్రీ తిరగడానికి నాలుగు నిమిషాలు కాబట్టి భూమధ్యరేఖ దగ్గరైతే వాడికి దాదాపు నాలుగు నిమిషాల ముందే తెల్లారుతుంది. ఈ లెక్క కారణంలో రాసుంటే బాగుండేది.

తూనీగ:
మీరంతా సూర్యుణ్ణి పట్టుకుని వేలాడుతున్నారు, నేను కోడిని పట్టుకున్నాను :)

*కోడిలోన నున్న గుట్టు గంట యొకటి*
*పొద్దు లేక యున్నఁ బొద్దు తెలిపెఁ*
*జీకటింటఁ గూయఁ జిత్రమే? దాని కా*
*యుదయమునకు ముందె యుదయమాయె*

కోడి వెలుగు చూసి కూస్తుందని అనుకుంటాం. వెలుతురు మారని గదిలో, రోజంతా ఒకే మసక వెలుగులో పెట్టినా పుంజులు దాదాపు రోజుకోసారి తెల్లవారు వేళకు కూస్తూనే ఉన్నాయని 2013లో జపాన్ పరిశోధకులు చూపించారు. వాటి ఒంట్లోనే గడియారం ఉంది. తమాషా ఏంటంటే, గుంపులో పెద్దపుంజు ముందు కూస్తుంది, చిన్నవి దాని వంతు అయ్యాకే గొంతెత్తుతాయట.

వేగుచుక్క:
ఆఫీసు మీటింగులా ఉందే.

యతిమైత్రి:
‘పొద్దు లేకయున్నఁ బొద్దు తెలిపె’, ఈ పాదం ఒక్కటీ చాలు నాకు. ఒక పొద్దు సూర్యుడు, ఇంకో పొద్దు సమయం. మూడో పాదం చివర ‘దాని కా’ అని తెంపి సమస్యలోకి దూకడం కూడా నేర్పుగా ఉంది. ‘ఉదయం’ అన్నదాన్ని కోడికి తోచిన ఉదయంగా మార్చుకున్నారు కాబట్టి కొంచెం పక్కదారి, అయినా ఒప్పుకుంటాను.

పాలపుంత:

*భూమి చుట్టుఁ దిరుగు పుష్పకమ్మున నున్న*
*వారి కొక్కనాఁడె పదియు నారు*
*పొడుపు లబ్బు, మనకుఁ బుడమిపై నొకనాఁటి*
*యుదయమునకు ముందె యుదయమాయె*

అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున, ఒకటిన్నర గంటకో చుట్టు తిరుగుతుంది. అందులో వాళ్ళకు రోజుకు పదిహేను పదహారు సూర్యోదయాలు.

తూనీగ:
పుష్పకం అనడం భలే. కానీ ఉదయం ఒకరిది, ఇంకో ఉదయం ఇంకొకరిది. అలా అయితే వేరే దేశంలో ముందే తెల్లారిందన్నా సరిపోతుందిగా? ముడి విప్పకుండా తాడు కోసేసినట్టుంది.

పాలపుంత:
తాడు కోయడం కూడా పూరణలో ఒక పద్ధతేనండీ! సరే, ఒకే మనిషికి, ఒకే ఉదయానికి, ఒకే చోట కుదరాలంటే ఇది చూడండి:

*గాలి పొరలు వంచఁ గాంతి కిరణముల*
*నేల మాటు రవియె నింగి కెక్కెఁ*
*గనులఁ బడిన దెల్ల గాలి బింబమె గాన*
*యుదయమునకు ముందె యుదయమాయె*

గాలి కిందికి వచ్చేకొద్దీ చిక్కబడుతుంది. ఏటవాలుగా వచ్చే కిరణం ఆ పొరల్లో కొద్దికొద్దిగా కిందికి వంగుతుంది, మన కన్ను మాత్రం అది తిన్నగా వచ్చిందనుకుని సూర్యుణ్ణి ఉన్నచోటుకంటే పైన చూస్తుంది. దిగంతం దగ్గర ఈ వంపు డిగ్రీలో సగం కంటే కాస్త ఎక్కువ, సుమారు 34 కళలు (కళ అంటే డిగ్రీలో 60వ వంతు). సూర్యబింబం వెడల్పు 32 కళలే. కాబట్టి సూర్యుడు అప్పుడే పూర్తిగా పైకొచ్చి దిగంతానికి ఆని కనిపించే క్షణాన, లెక్కప్రకారం ఇంకా మొత్తంగా కిందే ఉన్నాడు! భూమధ్యరేఖ దగ్గర ఇది రెండు నిమిషాల పైచిలుకు లాభం, ధ్రువాలవైపు పోయేకొద్దీ ఇంకా ఎక్కువ.

గురుత్వం:
ఇదీ పూరణంటే. పగలూ రాత్రీ సమానమనే రోజున కూడా పగలు 12 గంటలు దాటడానికి ఒక కారణం ఇదే. పొడిచే సూర్యుడు కాస్త నొక్కినట్టు, అడ్డగుడ్డులా కనిపించడం కూడా దీనివల్లే, కింది అంచు పై అంచుకంటే ఎక్కువ వంగి పైకి లేస్తుంది. ఇంకో వింత: సంపూర్ణ చంద్రగ్రహణం వేళ సూర్యుడు, భూమి, చంద్రుడు ఒకే గీతమీద ఉంటాయి కదా, అయినా కొన్ని చోట్ల గ్రహణచంద్రుడు ఒక దిగంతాన, సూర్యుడు ఎదుటి దిగంతాన ఒకేసారి కనిపిస్తారు. గాలి ఇద్దర్నీ పైకెత్తి చూపిస్తుంది.

ఒక అభ్యంతరం. ‘రవియె నింగి కెక్కె’ అని సూర్యుణ్ణే ఎక్కించి, కిందిపాదంలో అది బింబమే అంటున్నారు. ఏది నిజం?

యతిమైత్రి:
సరైన చోట పట్టుకున్నారు. ‘నేల మాటు రవికి నింగి దక్కె’ అంటే? రవి కదలక్కర్లేదు, నింగి మాత్రం దక్కుతుంది. నే–నిం యతి అలాగే ఉంటుంది.

పాలపుంత:
మార్చేశాను. ‘దక్కె’లో కాస్త దొంగతనం కూడా ధ్వనిస్తోంది, బాగుంది.

వేగుచుక్క:
రెండు నిమిషాల లాభానికే ఇంత సంబరమా, నా రెండో పూరణలో రెండు వారాలు తెచ్చాను:

*మంచులోన నావ మసలక నిలువంగఁ*
*బక్ష మవల వచ్చు భానుఁ డపుడె*
*తొంగి చూచెఁ గాదె! తోయధిపై నాఁటి*
*యుదయమునకు ముందె యుదయమాయె*

డచ్చి నావికుడు విలెమ్ బారెంట్స్ బృందం నోవాయా జెమ్ల్యా దీవిలో మంచులో చిక్కుకుని ధ్రువరాత్రిలో చలికాలం గడిపింది. 1597 జనవరి 24న వాళ్ళకు సూర్యుడి అంచు కనిపించింది, రావలసిన రోజుకు సుమారు రెండు వారాల ముందు. అప్పటికి సూర్యుడు దాదాపు 5 డిగ్రీలు కిందే ఉన్నాడు. ఆ మాట చాలామంది నమ్మలేదు, తేదీల లెక్క తప్పి ఉంటారన్నారు. కింద చల్లగాలి, దానిమీద వెచ్చనిగాలి మూతలా కూర్చుంటే కాంతి ఆ రెంటి మధ్య చిక్కి, భూమి వంపు వెంటే ఎంతో దూరం వస్తుంది. ఇప్పటికీ దీన్ని ఆ దీవి పేరుతోనే పిలుస్తారు.

తూనీగ:
అయ్యో, మీరు మొదట ఇదే వేయాల్సింది! ఒక్క సందేహం, ‘తోయధిపై’ ఎందుకు? వాళ్ళు అప్పుడు ఒడ్డున కట్టుకున్న ఇంట్లో ఉన్నారుగా.

వేగుచుక్క:
సూర్యుడు తోయధిపైనే కదండీ కనిపించాడు. (యతికోసం కూడా, దాచడమెందుకు.)

యతిమైత్రి:
ఈ విడత నా ఓటు పాలపుంత గారి రెండో పద్యానికే. ధ్రువకథ గొప్పదే, కానీ అది అరుదుగా జరిగేది. గాలి వంపు రోజూ అందరికీ జరిగేది, అందుకే సమస్యలోని వైరుధ్యం అక్కడ బాగా తెగింది. కొత్తపద్యం గారు సవరించిన పాదంతో మళ్ళీ వేయండి, లెక్కలోకి తీసుకుంటాను.

వచ్చే సమస్య, ఇదీ ఆటవెలదే:

*చలిని పట్టి చూడఁ జలువ లేదు*

కొత్తపద్యం:
చలి అనే వస్తువే లేదు, వేడి బయటికి పోవడమే ఉంది, అంతేనా?

యతిమైత్రి:
కారణం దొరికిందిగా, ఇక మూడు పాదాలు రాయండి. మొదటి గణం సరిచూసుకుని!