సురవరం ప్రతాపరెడ్డి గారి వకీలు రోజుల గురించి ఎక్కడ దొరుకుతుంది?

అందరికీ నమస్కారం. మాది చిక్కడపల్లి. వచ్చే నెల మా కాలనీ లైబ్రరీలో సురవరం ప్రతాపరెడ్డి గారి మీద అరగంట మాట్లాడమన్నారు. సరే అనేశాను, ఇప్పుడు టెన్షన్ మొదలైంది.

ఆయన 1896లో పుట్టారు, మద్రాసులో బి.ఎల్. (లా డిగ్రీ) చదివారు, 1926లో గోలకొండ పత్రిక పెట్టారు. మొదట్లో అది వారానికి రెండుసార్లు వచ్చేదట. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. కోపం వస్తే మనం వాట్సాప్‌లో పేజీలు పేజీలు రాస్తాం, ఆయన ఏకంగా ఊరూరి నుంచి పద్యాలు తెప్పించారు! ఇక 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' సంగతి తెలిసిందే. రాజుల యుద్ధాలు పక్కన పెట్టి జనం తిండి, బట్టలు, ఆటలు పట్టించుకున్న పుస్తకం. ఆయన పోయాక, 1955లో, దానికి సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది.

ఇవన్నీ ఎవరైనా చెప్తారు. నాకు కావాల్సింది ఆయన వకీలు జీవితం. ఆయన వాదించిన కేసులు, ఆ పని వదిలి పత్రిక వైపు రావడం గురించి ఆయనే రాసుకున్న వ్యాసంగానీ, తోటివాళ్ల జ్ఞాపకాలుగానీ ఉన్నాయా? సుల్తాన్ బజార్‌లోని శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయంలో పత్రిక పాత సంచికలు చూడనిస్తారా, లేక తార్నాక ఆర్కైవ్స్‌కు వెళ్లడం మేలా? ఆదివారం తప్ప నాకు సెలవు దొరకదు. వెళ్లొచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి.