జిరోనా, కోస్తా బ్రావా: పెద్దవాళ్ళతో, గైడు లేకుండా మూడు రోజులు ఎలా తిరగాలి?

ప్రశ్న:
నమస్కారమండీ. మేము మ్యూనిక్‌లో ఉంటాము. గుంటూరు నుంచి అమ్మానాన్నలు వచ్చారు. సెప్టెంబరు ఆఖరి వారంలో వాళ్ళతో బార్సిలోనా వెళ్తున్నాము. అందులో మూడు రోజులు జిరోనాకు, ఆ పక్కనున్న కోస్తా బ్రావా అనే సముద్ర తీరానికి కేటాయించాము. జిరోనా, ఫిగేరస్, ఒక బీచి అన్నీ ఒక్క రోజులో చూపించే టూరు బస్సులు కూడా ఉన్నాయట. అది మేలా, సొంతంగా తిరగడం మేలా? నాన్నగారికి మోకాళ్ళ నొప్పి. అమ్మ గుడ్డు కూడా ముట్టదు. మాకు కారు లేదు.

జవాబు (బార్సిలోనాలో ఉంటున్న సభ్యురాలు):
టూరు బస్సు వద్దండీ. అందులో జిరోనాకు దక్కేది మహా అయితే రెండు మూడు గంటలు. మీ నాన్నగారు మెట్ల దగ్గర ఒక్కసారి కూర్చున్నారంటే గుంపు ముందుకు వెళ్ళిపోతుంది. జిరోనాలోనే గది తీసుకుని ఊరికి ఒక రోజు పూర్తిగా, తీరానికి ఒక రోజు ఇవ్వండి. మూడో రోజును ఖాళీగా ఉంచుకోండి, ఎలాగూ ఏదో ఒక పని తగులుతుంది.

బార్సిలోనా సాంట్స్ స్టేషన్ నుంచి వేగం రైలులో నలభై నిమిషాల ప్రయాణం. దీనికి ముందే టికెట్టు కొనాలి, ఎక్కే ముందు సంచులు స్కాన్ చేస్తారు. మామూలు ప్రాంతీయ రైలు గంటా పావు నుంచి గంటన్నర తీసుకుంటుంది. జిరోనాలో రైలు స్టేషను, బస్టాండు పక్కపక్కనే ఉంటాయి. తీరానికి బస్సు ఎక్కేది కూడా అక్కడే కాబట్టి గది ఆ చుట్టుపక్కల దొరికితే సుఖం. పాత ఊరికి నడిచి పావుగంటలో చేరుకోవచ్చు.

పాత ఊరిలోకి ఓన్యార్ నది దాటి వెళ్ళాలి. అక్కడున్న ఎర్రటి ఇనుప వంతెనను 1877లో ఐఫెల్ కంపెనీ కట్టింది. పారిస్ టవర్ వచ్చింది ఆ తరువాత పన్నెండేళ్ళకు. వంతెన మీద నిలబడితే రెండు ఒడ్ల వెంటా పసుపు, ఇటుక రంగు ఇళ్ళు నీళ్ళలోకి వంగి చూస్తున్నట్టు ఉంటాయి. ఫొటోలన్నీ ఇక్కడే తీసుకుంటారు కనుక ఉదయం తొమ్మిదిలోపు వెళ్ళండి.

ఊళ్ళోని పెద్ద చర్చి, అంటే కతీడ్రల్, ముందు దాదాపు తొంభై మెట్లు ఉన్నాయి. నాన్నగారికి ముందే చెప్పి ఉంచండి. మధ్యమధ్య వెడల్పైన చదునులు ఉన్నాయి, ఆగి ఆగి ఎక్కవచ్చు. ఎక్కితే మాత్రం ఫలితం ఉంటుంది. మొదట మూడు వరుసల గుడిగా కట్టడం మొదలుపెట్టారు. బలిపీఠం వైపు భాగం పూర్తయ్యాక, మిగిలినదంతా స్తంభాలు లేకుండా ఒకే శాలగా కట్టవచ్చా అని వాదన లేచింది. 1416లో బయటి ఊళ్ళ శిల్పులను పిలిపించి ఒక్కొక్కరినీ అడిగారు. చివరికి ఒకే శాల వైపే మొగ్గారు. అలా దాదాపు 23 మీటర్ల వెడల్పుతో, గోథిక్ కట్టడాలన్నింటిలోకీ వెడల్పైన శాల తయారైంది. లోపల నిలబడి బలిపీఠం వైపు చూడండి. పాత పథకం, కొత్త పథకం కలిసిన చోటు గోడ మీదే కనిపిస్తుంది. చిన్న మూడు తోరణాల పైన పెద్ద శాల గోడ ఒక్కసారిగా లేస్తుంది. నాకైతే జిరోనాలో అన్నిటికన్నా ఇష్టమైన చోటు అదే. అక్కడి ఖజానాలో సృష్టి కథను దారాలతో కుట్టిన పాత వస్త్రం ఉంది, దాన్నీ వదలకండి. కతీడ్రల్ టికెట్టుతోనే కిందనున్న సంత్ ఫెలియూ చర్చి కూడా చూడవచ్చు.

ఆ చర్చి దగ్గర ఒక స్తంభానికి రాతి సింహం ఎగబాకుతూ ఉంటుంది. దాని పిరుదులకు ముద్దు పెట్టినవాళ్ళు మళ్ళీ జిరోనాకు వస్తారని నమ్మకం. ఎక్కడానికి మెట్లు కూడా కట్టి పెట్టారు. అమ్మానాన్నలు చూస్తుండగా పెట్టాలో వద్దో మీరే తేల్చుకోండి.

కతీడ్రల్ దిగువన కాల్ అనే పాత యూదుల పేట ఉంది. యూదు పండితుడు నహ్మనిదీస్ 1194లో పుట్టింది ఈ ఊళ్ళోనే. 1492లో యూదులను స్పెయిన్ నుంచి వెళ్ళగొట్టడంతో పేట ఖాళీ అయింది. మ్యూజియంలో హీబ్రూ అక్షరాలు చెక్కిన సమాధి రాళ్ళు ఉన్నాయి. ‘అరబ్బు స్నానశాలలు’ అన్న పేరు చూసి అవి అరబ్బులు కట్టినవనుకోకండి. పన్నెండో శతాబ్దం చివర్లో క్రైస్తవుల పాలనలో, అరబ్బుల పద్ధతిని చూసి కట్టుకున్నవి. ఆదివారం మధ్యాహ్నం తరువాత, సోమవారం మ్యూజియంలు చాలావరకు మూసి ఉంటాయి. మీరు వెళ్ళేది ఏ వారమో చూసుకోండి.

కోట గోడ మీద నడకకు డబ్బు కట్టనక్కరలేదు, కానీ ఎక్కడానికి దిగడానికి మెట్లే. మీరిద్దరూ వెళ్ళి రండి. ఆ గంటసేపు అమ్మానాన్నలను రాంబ్లా దె లా లిబెర్తాత్ వీధి కమానుల కింద కాఫీతో కూర్చోబెట్టండి.

జవాబు (మరొక సభ్యుడు):
తీరం గురించి నేను చెబుతాను, ఎందుకంటే నేను బోల్తాపడ్డాను. మీరు వెళ్ళవలసిన పల్లె పేరు కలేల్యా దె పలఫ్రుజెల్. ఉట్టి కలేల్యా అని ఇంకో ఊరు ఉంది, అది బార్సిలోనా నుంచి లోకల్ రైలు వెళ్ళే తీరంలో ఉంటుంది. రెండింటికీ మధ్య యాభై కిలోమీటర్లకు పైనే దూరం. నేను పేరు సగమే చదివి గది తీసుకున్నాను. పెట్టెలతో దిగి, హోటలు మనిషికి ఫోనులో తెల్లటి కమానుల ఫొటో చూపిస్తే, ఆయన నవ్వి తల అడ్డంగా ఊపాడు. తప్పు పూర్తిగా నాదే.

జిరోనా బస్టాండు నుంచి పలఫ్రుజెల్‌కు బస్సులో గంటా పావు అనుకోండి. అక్కడి నుంచి కలేల్యా మూడు నాలుగు కిలోమీటర్లు. వేసవి దాటితే చిన్న బస్సులు తగ్గిపోతాయి కాబట్టి టాక్సీ తీసుకోండి. కలేల్యాలో ఇసుక కొంచెమే. పడవలు, రాళ్ళు, సున్నం వేసిన జాలరి ఇళ్ళు, వాటి ముందు కమానులు. అక్కడి నుంచి పక్క పల్లె ల్యఫ్రాంక్‌కు సముద్రం అంచునే కాలిదారి ఉంది, దాన్ని కమీ దె రోండా అంటారు. దొంగ సరుకు దించేవాళ్ళ కోసం కాపలావాళ్ళు గస్తీ తిరిగిన దారి అది. అరగంట నడక. మెట్లు ఎక్కువ కనుక నాన్నగారిని, అమ్మగారిని టాక్సీలో నేరుగా ల్యఫ్రాంక్‌కు పంపండి. అక్కడి తీరం వెంట రోడ్డు చదునుగా ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. కలేల్యా పేరు పూర్తిగా రాసి పెట్టుకున్నాను! అమ్మ తిండి సంగతి ఎవరైనా చెప్పగలరా? మూడో రోజు ఫిగేరస్ వెళ్తే అలసిపోతారా?

జవాబు (మొదటి సభ్యురాలు):
ఫిగేరస్ వెళ్ళవచ్చు, కానీ ప్రాంతీయ రైలే ఎక్కండి. వేగం రైలు ఆగేది ఊరి బయట ఫిగేరస్-విలఫాంట్ స్టేషనులో, అక్కడి నుంచి నడక ఎక్కువ. అక్కడ చూడవలసిన చిత్రకారుడు దాలీ మ్యూజియానికి టికెట్టు ముందే తీసుకోండి. నాన్నగారు నీరసపడితే మానేయండి, ఏమీ పోదు.

తిండి విషయంలో శాకాహారం అన్న మాట ఒక్కటే చాలదు, చేప పరవాలేదేమో అనుకునేవాళ్ళు ఉంటారు. అక్కడి కటలాన్ భాషలో ‘సెన్స కర్న్, సెన్స పెష్, సెన్స ఔస్’, అంటే మాంసం, చేప, గుడ్డు లేకుండా, అని చెప్పండి. టమాటా రుద్దిన రొట్టె ‘పాం తుమాకట్’ ఎక్కడైనా దొరుకుతుంది. కాల్చిన వంకాయ, మిరపతో చేసే ‘ఎస్కలివాద’ అమ్మగారికి మన కాల్చిన వంకాయ పచ్చడికి అక్కచెల్లెలిలా అనిపిస్తుంది, కారం మాత్రం ఉండదు. దాని మీద ఉప్పు చేప ముక్కలు పరిచి తెచ్చే అలవాటు ఉంది, వద్దని ముందే చెప్పాలి. జిరోనాలో అందరూ తినమనే ‘షూషు’ అనే తీపి వంటకంలోని క్రీము గుడ్డుతో చేసిందే, క్రెమా కటలానా అనే తీపి కూడా అంతే. భోజనం మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడున్నర దాకా, రాత్రి ఎనిమిదిన్నర తరువాత. నడుమ వంటగదులు చాలావరకు మూసి ఉంటాయి. నాన్నగారు ఏడింటికే తినే మనిషైతే గదిలో అటుకులో, పులిహోర పొడో ఉంచుకోండి.

జవాబు (రెండో సభ్యుడు):
ఇంకొక్క మాట. పలఫ్రుజెల్‌లో దిగగానే తిరుగు బస్సుల వేళల పలకను ఫొటో తీసుకోండి. ‘ఫెయినెర్స్’ అంటే పనిరోజులు, ‘ఫెస్తియుస్’ అంటే ఆదివారాలు, సెలవులు. నేను ఒక ఆదివారం మొదటి వరుస చూసుకుని తీరిగ్గా ఐస్‌క్రీము తిన్నాను. జిరోనాకు టాక్సీలో వచ్చాను.