సీనిక్ అన్నారని పడవ ఎక్కేయొద్దు

తమ్ముడూ, కొత్తగా తెడ్డు పడవ నడపడానికి ఎక్కడికెళ్లాలని అడుగుతూ, అందంగానూ ఉండాలి, నీళ్లు నెమ్మదిగానూ ఉండాలి అన్నావు. అవి రెండు వేర్వేరు సంగతులు. ఇక్కడ అమెరికాలో నది పేరు పక్కన సీనిక్, అంటే అందమైనది, అని బోర్డు కనిపిస్తే ప్రశాంతంగా ఉంటుందనుకుంటాం. 1968 నాటి వైల్డ్ అండ్ సీనిక్ రివర్స్ చట్టంలో ఆ మాటకి అర్థం వేరు: ఒడ్డు చాలావరకు అడవిగానే మిగిలి ఉంది, రోడ్డు అక్కడక్కడ తగులుతుంది అని. నీటి జోరు ఊసే లేదు. జార్జియా, సౌత్ కరోలినా సరిహద్దులో చట్టూగా నది 1974లోనే ఆ జాబితాకెక్కింది. ఒడ్డున కూచుంటే లేవబుద్ధి కాదు. కింది భాగంలో మాత్రం క్లాస్ 4, 5 ర్యాపిడ్స్, అంటే నీళ్లు రాళ్ల మధ్య ఉరకలెత్తే చోట్లు.

నువ్వు చూడాల్సింది ఆ క్లాసు. 1 నుంచి 6 దాకా ఉంటుంది, అంకె పెరిగేకొద్దీ కష్టం, కొత్తలో 1 దాటొద్దు. అదీ మామూలు రోజు లెక్కే, వానలకి నది నిండితే మారిపోతుంది. బయల్దేరే ముందు యూఎస్‌జీఎస్ (అమెరికా ప్రభుత్వ భూగర్భ సర్వే సంస్థ) నది కొలతల గేజ్ చూడు, సెకనుకి ఎన్ని ఘనపుటడుగుల నీరు పోతోందో ఉంటుంది. నిన్నటికంటే పెరుగుతోందంటే ఇంట్లో ఉండు. పైన డ్యామ్ ఉంటే నీళ్లెప్పుడు వదులుతారో కనుక్కో.

నాకు అన్నిటికంటే భయం చిన్న ఆనకట్టలంటే. పైనుంచి వచ్చేవాడికి నీటి మీద ఒక గీతలా కనిపిస్తాయంతే. కింద నీళ్లు వెనక్కి సుడి తిరుగుతూ మనిషిని వదలవు. మ్యాప్‌లో ముందే చూసుకుని, ఒడ్డుకొచ్చి పడవ మోసుకుపో. నీళ్లలో పడ్డ చెట్లూ అంతే: కొమ్మల సందుల్లోంచి నీళ్లు పోతాయి, నువ్వు పోవు.

—

అన్నగారు నది గురించే చెప్పారు. మొదటి నాలుగైదు సార్లు అసలు నదికే వెళ్లొద్దంటాను. మోటారు బోట్లు రానివ్వని చిన్న చెరువు చాలు. పొద్దున్నే వెళ్లు, మధ్యాహ్నానికి గాలి లేస్తుంది. ముందు గాలికి ఎదురు తెడ్డు వెయ్యి, అలిసిపోయి తిరిగొచ్చేటప్పుడు అదే తోస్తుంది. నేను మొదటిసారి ఉల్టా చేశా. మావారు ఒడ్డున రెండు గంటలు నిలబడ్డారు.

ఏప్రిల్ ఎండ చూసి మోసపోకు, చాలాచోట్ల నీళ్లకి ఇంకా చలికాలమే. పడగానే ఊపిరి ఎగిసిపడి నీళ్లు మింగేస్తాం, ఈత వచ్చినా సరే. లైఫ్ జాకెట్ పడవలో పడేసుకోవడం కాదు, ఒంటికి బిగించుకో.

—

చలి మాటొచ్చింది గనక, ఫ్లోరిడాలో రెయిన్‌బో నది చూడు తమ్ముడూ. ఊట నీరు, ఏడాదంతా 72 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గరే, అడుగున గడ్డి పోచలు కూడా కనిపిస్తాయి. ప్రవాహం నెమ్మదే. వేసవి శనాదివారాలు మాత్రం వద్దు, ట్యూబుల మీద తేలేవాళ్ల మధ్య తెడ్డు వెయ్యడానికి చోటుండదు.