పద్మినికి ఏసీ పంపా, ఎలక్ట్రిక్ పంపా? రిటర్న్ లైన్ వేస్తే చాలా?

పద్మిని_కడప
అన్నలకు నమస్తే. మా నాయన కాలం నాటి ప్రీమియర్ పద్మిని ఉంది, కార్బురేటర్ బండి. కడపలో తిరిగినంతసేపు ఏ కంప్లైంటూ లేదు. ఎండాకాలం మధ్యాహ్నం రాయచోటికి పోతే మాత్రం గువ్వలచెరువు ఘాట్‌లో, లారీల వెనక ఫస్ట్ గేర్లో ఎక్కేటప్పుడు దగ్గి దగ్గి ఆగిపోతుంది. ఏసీ పంపు (ఇంజనే నడిపే పాత రకం పెట్రోలు పంపు) మీద తడిగుడ్డ కప్పి అరగంట నిలబెడితే మళ్లీ స్టార్ట్. షెడ్డులో ఒకాయన ఎలక్ట్రిక్ పంపు పెట్టించుకోమంటాడు, ఇంకొకాయన రిటర్న్ లైన్, అంటే మిగిలిన పెట్రోలును ట్యాంకుకు వెనక్కి పంపే పైపు, వేస్తే చాలంటాడు. ఎవరి మాట వినాలి?

ఒరిజినల్_మాత్రమే (కర్నూలు)
ఇద్దరి మాటా వద్దు. ఆ కాలంలో మన సీమలో ఎండలు ఏమన్నా తక్కువ కాసినాయా? ఏసీ పంపుతోనే నడిచినాయి కదా. ముందు అసలు దోషం పెట్రోలుదేనా చూడు. బండి ఆగిన వెంటనే ఎయిర్ ఫిల్టర్ మూత తీసి, కార్బురేటర్ గొంతులోకి చూస్తూ థ్రాటిల్ చేత్తో తిప్పు. సన్నగా పెట్రోలు ధార చిమ్మిందంటే ఫ్లోట్ చాంబర్ (కార్బురేటర్లో పెట్రోలు నిలిచే గిన్నె) నిండుగా ఉన్నట్టే, తప్పు స్పార్కు ఇచ్చే కాయిల్‌దో కండెన్సర్‌దో. వేడెక్కిన కాయిల్ కూడా అచ్చం ఇట్లాగే ఆపుతుంది, చల్లారితే ఏమీ ఎరగనట్టు లేస్తుంది. ట్యాంకు మూత కూడా తీసి చూడు. ఉస్సుమని గాలి లోపలికి పీల్చుకుంటే వెంట్ మూసుకుపోయింది. అప్పుడు ఎన్ని పంపులు మార్చినా దండగే.

పద్మిని_కడప
అవన్నీ అయినాయి అన్నా. ధార రాదు. మూత తీసినా శబ్దం లేదు. కాయిల్ కొత్తది.

నూనెచేతులు (అనంతపురం)
అయితే వేపర్ లాకే, అంటే పెట్రోలు పైపులోనే ఆవిరై దారికి అడ్డం పడటం. ట్యాంకేమో డిక్కీ దగ్గర, పంపేమో ఇంజను పక్కన. ట్యాంకు నుంచి పంపు దాకా పైపంతా పంపు లాగుతూ ఉంటుంది. లాగే చోట ప్రెషర్ తగ్గుతుంది, ప్రెషర్ తగ్గితే పెట్రోలు ఇంకా తక్కువ వేడికే మరుగుతుంది. పంపు లోపలి డయాఫ్రం (పైకీ కిందికీ ఆడే రబ్బరు పొర) ఆవిరిని నమిలినట్టు నములుతుంది గానీ పైకి ఎత్తలేదు. బోరు విషయం మనకు తెలియనిదేం కాదు: ఒడ్డున మోనోబ్లాకు పెట్టి లాగడం వేరు, లోపల సబ్‌మెర్సిబుల్ దించి తోయడం వేరు. ఎలక్ట్రిక్ పంపును ట్యాంకు పక్కన, దాని అడుగు కంటే కిందికి పెడితే లైనంతా ప్రెషర్లో ఉంటుంది, ఆవిరికి అంత సులభంగా చోటు దొరకదు. నా ఓటు ఎలక్ట్రిక్‌కే.

జిప్సీ_గుత్తి
నూనెచేతులన్న చెప్పింది సగమే. ఎంపీఎఫ్ఐ (కార్బురేటర్ బదులు పెట్రోలు ఇంజెక్షన్) రాకముందు మారుతి 800, ఓమ్ని, జిప్సీల ఏసీ పంపు తీసి చూడండి. గొట్టాలు మూడు ఉంటాయి: ట్యాంకు నుంచి వచ్చేది, కార్బురేటర్‌కు పోయేది, వెనక్కి ట్యాంకుకు పోయేది. సుజుకి వాడు ఊరికే పెట్టలేదు. మీ బండి ఇంజను ఫుల్ థ్రాటిల్‌లో కూడా గంటకు 15 లీటర్లు తాగదు, ఐడిలింగ్‌లో సుమారు లీటరు. అంటే లారీ వెనక పాకుతున్నప్పుడు పెట్రోలు పంపులో, పైపులో కూర్చుని వేడి తాగుతూ ఉంటుంది. రిటర్న్ లైన్ ఉంటే అది కూర్చోదు, తిరుగుతూ ఉంటుంది. పుట్టిన ఆవిరి కూడా నీడిల్ వాల్వ్ (కార్బురేటర్లోకి పెట్రోలును వదిలే, ఆపే సూది) దగ్గర ఇరుక్కోకుండా వెనక్కి పోతుంది.

పంపు మార్చక్కర్లేదు. మూడు మూతుల ఫిల్టర్ దొరుకుతుంది, దాన్ని పంపుకీ కార్బురేటర్‌కీ మధ్య బిగించండి. రిటర్న్ మూతి పైకి ఉండాలి, ఆవిరి పైకే కదా పోయేది. ఆ మూతిలో రంధ్రం చీపురుపుల్ల దూరేంత సన్నగా ఉంటుంది. పెద్దగా ఉంటే బాగా తిరుగుతుందని కొందరు డ్రిల్లు వేస్తారు. వేస్తే పెట్రోలంతా ట్యాంకుకే పోయి, ఘాట్‌లో కార్బురేటర్ ఎండుతుంది.

ఒరిజినల్_మాత్రమే (కర్నూలు)
రిటర్న్ పైపు పోయేది యాడికి? పద్మిని ట్యాంకుకు దానికి నిపిల్ (పైపు తగిలించే గొట్టం) లేదు. చిల్లు పెట్టి వెల్డింగ్ చేయమంటారా? ఖాళీ పెట్రోలు ట్యాంకు అంటే బాంబే.

జిప్సీ_గుత్తి
ట్యాంకును ఎవరు ముట్టుకోమన్నారు? పెట్రోలు ముల్లు చూపించే సెండర్ యూనిట్ ప్లేటు విప్పి, బండికి దూరంగా తీసుకుపోయి, కడిగి, దానికి నిపిల్ బ్రేజింగ్ చేయించాలి. షెడ్లలో చేసే అడ్డదారి ఇంకోటి ఉంది: రిటర్న్‌ను ట్యాంకు దాకా లాగకుండా, పంపుకు ముందే టీ వేసి ఫీడ్ లైన్లో కలిపేస్తారు. కాగిన పెట్రోలే మళ్లీ పంపులోకి వస్తుంది. అంతకంటే లైన్ లేకపోవడమే నయం.

నూనెచేతులు (అనంతపురం)
ఒరిజినల్ అన్నకు ఒక్క మాట. అప్పటి ఎండ ఇప్పటి ఎండ ఒకటే, పెట్రోలు ఒకటి కాదు. 2025 నుంచి బంకుల్లో పోస్తున్నది దాదాపు అంతా 20 శాతం ఇథనాల్ కలిపిందే. ఇథనాల్ ఒక్కటే అయితే 78 డిగ్రీలకు మరుగుతుంది గానీ, పెట్రోల్లో కలిశాక ఆ మిశ్రమంలో చాలా భాగం అంతకంటే ముందే ఆవిరవుతుంది. పాత రబ్బరును కూడా ఉబ్బిస్తుంది. ఏ పంపు పెట్టినా ముందు హోస్ పైపులు, డయాఫ్రం కిట్టు ఇథనాల్‌కు తట్టుకునేవి వేయించండి. డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి, పెట్రోలు వాసన కొడితే డయాఫ్రం చిరిగి ఆయిల్లోకి దిగుతున్నట్టే.

తమ్ముడూ, ఎలక్ట్రిక్‌కే పోతే ప్రెషర్ చూసి కొను. కార్బురేటర్‌కు కావాల్సింది 3, 4 పీఎస్ఐ. ఎంపీఎఫ్ఐ పంపు 40 పైన కొడుతుంది, చవగ్గా దొరికిందని అది పెడితే నీడిల్ వాల్వ్ ఆపలేదు. కార్బురేటర్ పొంగి వేడి సైలెన్సర్ పైప్ మీద పడుతుంది. ఏసీ పంపును లైన్లోనే ఉంచి వెనక ఎలక్ట్రిక్ తగిలించడం ఇంకా ప్రమాదం. డయాఫ్రం చిరిగిన రోజు పెట్రోలంతా ఇంజను ఆయిల్ ఛాంబర్లోకి దిగుతుంది. ఏసీ పంపు తీసేసి, ఆ చోట ప్లేటు మూసేయాలి. కరెంటు నేరుగా ఇవ్వొద్దు. ఇంజను ఆగితే పంపు ఆగేలా రిలే, ఆయిల్ ప్రెషర్ స్విచ్ పెట్టించు.

ఒరిజినల్_మాత్రమే (కర్నూలు)
చూసినారా, ఒక పంపు కోసం ఫ్యూజు, రిలే, స్విచ్, ప్లేటు. ఏసీ పంపుకీ ఇంజనుకీ మధ్య ఉండే బేకలైట్ ముక్కను ఎవరూ తలవలేదు. రిపేరు చేసినోళ్లు దాన్ని పారేసి పేపర్ గ్యాస్కెట్‌తో బిగిస్తారు, ఇంజను వేడి నేరుగా పంపుకెక్కుతుంది. పైగా మందం తగ్గితే పంపు స్ట్రోకూ మారిపోతుంది. నా మాట ఇంతే: ఆ ముక్క ఉందో లేదో చూసినాకే డబ్బులు తియ్యి.

పద్మిని_కడప
ఇప్పుడే బానెట్ ఎత్తి చూసినా. ముక్క ఉంది, పగల్లేదు. కొత్త పైపులు, డయాఫ్రం, మూడు మూతుల ఫిల్టర్‌తో రిటర్న్ లైన్ వేయిస్తా. ఎలక్ట్రిక్ పంపు సంగతి ఘాట్‌లో మళ్లీ ఆగితే చూద్దాం. రిటర్న్ పైపు ఎంత సైజు, ఎట్లా లాగాలి?

జిప్సీ_గుత్తి
లోపల 6 మిల్లీమీటర్లు చాలు. సైలెన్సర్ లేని వైపు నుంచి లాగించు, రబ్బరు ఎంత తక్కువ ఉంటే అంత మేలు, మిగతాది ఇనుప పైపే వేయించు. ప్రతి జాయింటుకూ క్లిప్పు.