ఆవిరైందా, మురిగిపోయిందా?

ప్రశ్న
పెట్టుబడుల లెక్క నోటుపుస్తకంలో తెలుగులోనే రాసుకోవడం నా అలవాటు. నిన్న ఫిబ్రవరి పద్దు ముగిస్తూ ఒక మాట దగ్గర ఆగిపోయాను. 2024 సెప్టెంబరు చివర 26,277 దాకా ఎక్కిన షేర్ల సూచీ నిఫ్టీ 2025 ఫిబ్రవరి 28న 22,124 వద్ద ముగిసింది. వరుసగా ఐదో నెల పతనం. నా షేర్ల విలువలో ఐదో వంతు పోయింది. బడ్జెట్ తర్వాత మార్కెట్ లేస్తుందని నమ్మి, 24,000 దగ్గర ఒక నిఫ్టీ కాల్ ఆప్షన్ కూడా కొన్నాను, అంటే గడువు నాటికి నిఫ్టీ ఆ అంకె దాటితేనే డబ్బు వచ్చే హక్కు. లాటుకు, అంటే ఒక కట్టకు 75, ఒక్కోదానికి 120 రూపాయల చొప్పున 9,000. శివరాత్రి మర్నాడు, 27న, దాని గడువు తీరింది. చేతికి వచ్చింది సున్నా.

పత్రికలు చదివిన అలవాటు కొద్దీ రెండింటికీ ఎదురుగా ‘ఆవిరి’ అని రాశాను. మా అమ్మాయి చూసి, “రెండూ ఆవిరైతే షేర్లు ఇంకా ఖాతాలో ఎలా ఉన్నాయి నాన్నా?” అంది. నా దగ్గర జవాబు లేదు. ఈ రెండు నష్టాలకూ మనకు వేర్వేరు మాటలు లేవా?

మొదటి జవాబు
‘లక్షల కోట్లు ఆవిరి’ అన్న శీర్షిక చూస్తేనే నాకు ఒళ్లు మంట. 2020 మార్చి 23న సెన్సెక్స్ ఒక్కరోజే 3,934 పాయింట్లు పడి 25,981కి దిగింది. ఆ ఏడాది ముగిసేసరికి 47,000 దాటింది. ఆవిరంతా వానై కురిసిందని శీర్షిక పెట్టినవారు నాకైతే కనబడలేదు! మీ షేర్లకు ‘తరిగాయి’ చాలు. కంసాలి తరుగు, ధాన్యం తరుగు ఎరిగినవాళ్లమే కదా. సరుకు ఉంటుంది, తూకం తగ్గుతుంది.

రెండో జవాబు
కంసాలి తీసిన తరుగు తిరిగి రాదండీ. షేరు ధర రావచ్చు.

మొదటివారే
చంద్రుడూ తరుగుతాడు. పున్నమి రావడం మానిందా?

మూడో జవాబు
షేర్ల సంగతి మీరు తేల్చుకోండి. ఆప్షన్‌కు అచ్చమైన మాట మన ఆఫీసుల్లోనే ఉంది: ‘మురిగిపోవడం’. మార్చి 31లోగా ఖర్చు చేయని నిధులు మురిగిపోతాయి, వాడుకోని సెలవులు మురిగిపోతాయి. నిలవ ఉండి పాడవడం దాని మూలార్థం. ‘గడువు తీరింది’ అంటే సరిపోదు, ఎందుకంటే లాభం తెచ్చిన ఆప్షన్‌కూ గడువు తీరుతుంది. మీది తీరడమే కాదు, మురిగింది. రోజులు గడిచేకొద్దీ దాని విలువ కొంచెం కొంచెంగా హరించుకుపోతుంది కాబట్టి, ఒక్కసారిగా ఎగిరిపోయే ‘ఆవిరి’ కంటే ఇదే దగ్గర.

ఇంకొక మాట. ఆప్షన్ ప్రీమియానికి, అంటే ఆ హక్కు కోసం ముందుగా కట్టే సొమ్ముకు, ‘బయానా’ అని వాడితే ఎలా ఉంటుంది? స్థలం కొనేటప్పుడు బయానా ఇచ్చి, గడువులోగా మిగతా సొమ్ము కట్టలేక దాన్ని వదులుకున్నవారు ఊరికి నలుగురుంటారు.

రెండోవారే
పోలిక బాగుంది కానీ నిలవదు. రిజిస్ట్రేషన్ నాడు బయానా ధరలో కలుస్తుంది. ప్రీమియం దేనిలోనూ కలవదు, అమ్మినవాడిదే. పైగా ఒప్పందం రాసుకున్నాక కొనేవాడికీ బాధ్యత ఉంటుంది, ఆప్షన్ కొన్నవాడికి హక్కే తప్ప బాధ్యత లేదు. ప్రీమియాన్ని ప్రీమియం అనే ఉంచుదాం. బీమా పుణ్యమా అని ఆ మాట పల్లెలకూ తెలుసు.

అడిగినవారు
బయానా వదిలేశాను, మనసొప్పకపోయినా. పుస్తకంలో దిద్దుకున్నాను: షేర్లు తరిగాయి, కాల్ మురిగింది. అమ్మాయి చూసి, ‘మురిగింది’ దగ్గర ముక్కు మూసుకుంది.

అయితే ఇంకో చిక్కు. ఉన్న షేర్లకు కాపుగా మార్చి నెల పుట్ ఒకటి, అంటే మార్కెట్ పడితే డబ్బు తెచ్చే ఆప్షన్, కొన్నాను. మార్కెట్ పడకపోతే అదీ సున్నా అవుతుంది. కానీ ఏడాదంతా ఇల్లు తగలబడలేదని బీమా సొమ్ము మురిగిపోయిందని ఎవరూ అనరు కదా? దాని ఎదురుగా ఏం రాయాలో ఎవరైనా చెప్పండి. దాని గడువు మార్చి 27, అందాకా వ్యవధి ఉంది.